పాత ఫోన్‌లో కొత్త ఓఎస్: ముందు మీ ఫోన్ కోడ్‌నేమ్ తెలుసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆరేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్, 4 జీబీ ర్యామ్. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి మూడేళ్లు దాటింది. స్క్రీన్, బాడీ నిక్షేపంలా ఉన్నాయి కాబట్టి పక్కన పడేయడానికి మనసు రావడం లేదు. లీనేజ్‌ఓఎస్ (ఔత్సాహికులు కలిసి తయారుచేసే ఆండ్రాయిడ్ రూపం) వేసి నాన్నగారికి ఇవ్వాలా, లేక ఉబుంటు టచ్ లాంటి లినక్స్ వేసి మీరే ప్రయోగాలకు ఉంచుకోవాలా? బ్యాంక్ యాప్ పనిచేస్తుందా? వేగం పెరుగుతుందా? మధ్యలో ఫోన్ చచ్చిపోతే ఎలా అనే టెన్షన్ ఒకటి.

లీనేజ్‌కు ముందు రూపమైన సైనోజన్‌మాడ్ రోజుల నుంచి నేను ఈ పని చేస్తున్నాను. ఇప్పటికి ఇరవైకి పైగా ఫోన్లకు ఓఎస్ మార్చి ఉంటాను. అందులో రెండింటిని చేజేతులా పాడుచేశాను. ఆ రెండు కథలూ సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. రెండూ ఎవరైనా చేసే తప్పులే.

"ఏ ఓఎస్ బాగుంటుంది" అన్న దగ్గర మొదలుపెట్టారు మీరు. అందరూ అక్కడే మొదలుపెడతారు, నేనూ అంతే. కానీ కంప్యూటర్‌కూ ఫోన్‌కూ తేడా వచ్చేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో అయితే ఒకే లినక్స్ ఫైలు దాదాపు అన్ని కంపెనీల మెషిన్ల మీదా ఎక్కుతుంది. తన లోపల ఏ భాగాలున్నాయో పీసీ ఓఎస్‌కు తానే చెప్పుకుంటుంది కాబట్టి. ఫోన్ చెప్పదు. ఏ చిప్ ఎక్కడుంది, ఏ పిన్నుకు తగిలించి ఉంది, స్క్రీన్‌కు ఎన్ని వోల్టులు పంపాలి, ఇదంతా ప్రతి మోడల్‌కూ ఎవరో ఒకరు విడిగా రాసిపెట్టాలి. అందుకే ఒక్కో మోడల్‌కు ఒక్కో బిల్డ్. ఆ బిల్డ్ వెనక ఒక మనిషి, మహా అయితే ఇద్దరు ముగ్గురు. వాళ్లనే మెయింటెయినర్లు అంటారు. పైసా జీతం లేకుండా, తమ దగ్గర ఆ ఫోన్ ఉన్నంతకాలం, తీరిక ఉన్నంతకాలం చేస్తారు. ఆ మనిషి ఫోన్ మార్చేస్తే మీ ఫోన్ అప్‌డేట్లూ ఆగిపోతాయి. కాబట్టి ఓఎస్ పేరుకంటే ముందు మీ ఫోన్‌కు ఇప్పుడు మెయింటెయినర్ ఉన్నాడా, చివరి బిల్డ్ ఎప్పుడు వచ్చింది, ఈ రెండూ చూడండి.

దానికి కోడ్‌నేమ్ కావాలి, అంటే ఒక్కో మోడల్‌కు తయారీదారులు లోపల వాడుకునే పేరు. డబ్బా మీద ఉండే పేరు దీనికి పనికిరాదు. రెడ్‌మీ నోట్ 4 సంగతే తీసుకోండి. ఒకే పేరుతో రెండు ఫోన్లు వచ్చాయి. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 625 చిప్ ఉన్నది 'మిడో', మీడియాటెక్ చిప్ ఉన్నది 'నికెల్'. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల సంబంధమే లేదు. ఒకదాని రోమ్, అంటే ఎక్కించే ఓఎస్ ఫైలు, ఇంకోదానికి ఎక్కదు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ వరుసలోనూ ఇదే తంతు. ఒకే పేరుతో శామ్‌సంగ్ సొంత చిప్ అయిన ఎక్సినోస్ మోడల్, స్నాప్‌డ్రాగన్ మోడల్ ఉంటాయి. అమెరికాలో అమ్మిన స్నాప్‌డ్రాగన్ మోడళ్ల బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయనివ్వరు, ఎక్సినోస్ వాటికి మాత్రం బోలెడు రోమ్‌లు దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో కనిపించే పూర్తి మోడల్ నంబరు, అంటే చివర అక్షరాలతో సహా రాసుకుని, లీనేజ్‌ఓఎస్ వికీలో ఆ నంబరు ఏ కోడ్‌నేమ్ కింద ఉందో చూడండి. నంబరు అక్కడ లేకపోతే 'దగ్గర్లో ఉంది కదా' అని సర్దుకుపోకండి.

రెండో అడ్డంకి బూట్‌లోడర్. ఇది తెరుచుకోకపోతే మిగతా చర్చంతా వృథా. పిక్సెల్ లాంటి ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'ఓఈఎమ్ అన్‌లాకింగ్' ఆన్ చేస్తే సగం పని అయినట్టే. అదే పిక్సెల్‌ను అమెరికాలో వెరైజన్ దగ్గర కొని ఉంటే ఆ మీట బూడిద రంగులో ఉండిపోయి నొక్కుడుపడదు. షావోమీ ఫోన్లలో అకౌంట్ జతచేసి కొన్ని రోజులు ఆగాలి. చాలామందికి 168 గంటలు, అంటే సరిగ్గా వారం, అని చూపించేది. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం మానేసింది. శామ్‌సంగ్‌లో తెరిచి అనధికారిక సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాక్స్ అనే ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ కాలిపోతుంది. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా అది అతకదు, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఆ ఫోన్‌లో ఇక పనిచేయవు. ఐఫోన్ అయితే ఆశ వదులుకోండి. 2020లో ప్రాజెక్ట్ శాండ్‌కాజిల్ వాళ్లు ఐఫోన్ 7 మీద ఆండ్రాయిడ్ నడిపి చూపించారు గానీ అది వేడుకే తప్ప రోజూ వాడేది కాదు.

ఇక అసలు విషయం. కొత్త ఓఎస్ వేస్తే ఫోన్ మొత్తం కొత్తదైపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. కొత్తదయ్యేది పై అంతస్తులే. అడుగున మోడెమ్ నడిపే ఫర్మ్‌వేర్, కెమెరా, వైఫై, గ్రాఫిక్స్ కోసం చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్లు ఉంటాయి. వాటి సోర్స్ కోడ్ బయటికి రాదు. మెయింటెయినర్ చేయగలిగిందల్లా కంపెనీ చివరిసారి ఇచ్చిన ఫైళ్లను యథాతథంగా తీసి కొత్త ఆండ్రాయిడ్‌తో కలిపి కుట్టడమే. లీనేజ్ దీన్ని దాచదు. సెట్టింగ్స్‌లో 'ట్రస్ట్' అనే పేజీ ఉంటుంది. అందులో ప్లాట్‌ఫామ్ సెక్యూరిటీ ప్యాచ్ ఒక తేదీ, వెండర్ సెక్యూరిటీ ప్యాచ్ ఇంకో తేదీ వేరువేరుగా కనిపిస్తాయి. మొదటిది పోయిన నెలది అయి ఉండొచ్చు. రెండోది మీ కంపెనీ చేతులెత్తేసిన నెల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నా దగ్గరున్న ఒక ఫోన్‌లో ఈ రెండింటికీ మధ్య నాలుగేళ్ల ఎడం ఉంది.

మరి లాభం ఏమిటంటే, లాభం ఉంది. బ్రౌజర్ ఇంజన్, మీడియా ఫైళ్లను తెరిచే కోడ్, బ్లూటూత్‌లో పై భాగం, యాప్‌లకు ఇచ్చే అనుమతులు, ఇవన్నీ పై అంతస్తులోవే. బయట నుంచి దాడి ఎక్కువగా వచ్చేదీ వీటి మీదకే. మూడేళ్లుగా ఏ ప్యాచూ లేని కంపెనీ ఓఎస్‌తో పోలిస్తే లీనేజ్ నయమే. కానీ ఈ ఏడాది వచ్చిన ఫోన్ అంత భద్రంగా ఉంటుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

హార్డ్‌వేర్‌కూ మిగతా ఓఎస్‌కూ మధ్య నిలిచే కెర్నల్ అనే భాగం సంగతీ ఇలాంటిదే. ఫోన్ ఏ కెర్నల్‌తో పుట్టిందో జీవితాంతం దాదాపు అదే వెర్షన్ మీద ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 వచ్చినప్పుడు నెట్‌వర్క్ లెక్కలు చూసే పని ఈబీపీఎఫ్ అనే కెర్నల్ సదుపాయం మీద పడింది. పాత 3.18 కెర్నల్, అంతకంటే పాతవాటిలో అది సరిగ్గా లేదు. దాంతో అంతవరకు బాగానే నడుస్తున్న ఫోన్లు ఒక్క విడతలో లీనేజ్ అధికారిక జాబితా నుంచి జారిపోయాయి. ఫోన్ పాతబడటం అంటే ర్యామ్ సరిపోకపోవడమే కాదు, ఇలా కూడా పాతబడుతుంది.

బ్యాంక్ యాప్ గురించి నిర్మొహమాటంగా చెబుతాను. బూట్‌లోడర్ తెరిచిన ఫోన్‌ను గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష నమ్మకమైన ఫోన్‌గా లెక్కవేయదు. ఆ పరీక్షలో మూడు మెట్లున్నాయి: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. ఏ యాప్ ఏ మెట్టు అడుగుతుందనేది ఆ యాప్ తయారుచేసినవాళ్ల ఇష్టం. కొన్ని బ్యాంక్ యాప్‌లు అసలేమీ పట్టించుకోవు, హాయిగా తెరుచుకుంటాయి. కొన్ని మొదటి తెర దగ్గరే గెంటేస్తాయి. ఇంకొన్ని ఇవాళ నడిచి, వచ్చే నెల అప్‌డేట్ తర్వాత మొరాయిస్తాయి. నాకు చిరాకు పుట్టించేవి ఈ మూడో రకమే. ఫోన్ తాకించి డబ్బు కట్టే గూగుల్ వాలెట్ సదుపాయం దాదాపు పనిచేయదనే అనుకోండి.

దీనికి దొడ్డిదారులు ఉన్నాయి. రూట్ చేసి (ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకుని), మాడ్యూళ్లనే చిన్న జోడింపులు వేసి, వేరే ఫోన్ గుర్తింపు తగిలించి పరీక్షను బురిడీ కొట్టించేవాళ్లున్నారు. నేనూ ఒక ఏడాది ఆ ఆట ఆడాను. గూగుల్ ఒక కన్నం మూయడం, వీళ్లు ఇంకో కన్నం వెతకడం, మధ్యలో మనం ఆదివారం పొద్దున్నే కూర్చుని మాడ్యూళ్లు మార్చుకుంటూ ఉండటం. డబ్బు వ్యవహారం చూసే ఫోన్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన రూట్ మాడ్యూల్ పెట్టుకోవడం నాకిప్పుడు తలకిందుల పనిగా అనిపిస్తుంది. రూట్ చేయకండి. బ్యాంక్ పని బ్రౌజర్‌లోనో, ఇంకో ఫోన్‌లోనో చూసుకోండి.

వీడియోల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. బూట్‌లోడర్ తెరిచాక చాలా ఫోన్లలో, వీడియోలు కాపీ కాకుండా చూసే వైడ్‌వైన్ రక్షణ ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది. అంటే డబ్బు కట్టి చూసే ఓటీటీ యాప్‌లలో బొమ్మ 480పీ దగ్గరే ఆగుతుంది. యూట్యూబ్‌కు ఈ బాధ లేదు.

ఇక నాకు అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చే విషయం కాల్స్. 'నెట్ వస్తోంది, ఫోన్ మాత్రం మోగడం లేదు' అంటారు. చాలా దేశాల్లో 3జీ మూసేశారు, కొన్నిచోట్ల 2జీ కూడా లేదు. అలాంటి నెట్‌వర్క్‌లో మాట వెళ్లాలంటే వోల్టీఈ, అంటే 4జీ మీదుగా కాల్, ఒక్కటే దారి. దాన్ని నడిపించే ఐఎమ్ఎస్ భాగాలు చిప్ కంపెనీల సొంత సరుకు. లీనేజ్‌లో క్వాల్‌కామ్ ఫోన్లకు ఇది చాలావరకు కుదిరింది. పాత మీడియాటెక్, ఎక్సినోస్ ఫోన్లలో అంత నమ్మకం లేదు. మీ కోడ్‌నేమ్ పేజీలోనో, ఆ ఫోన్ చర్చల్లోనో వోల్టీఈ అని వెతకండి. పనిచేస్తుందని రాసి ఉన్నా, మీ నెట్‌వర్క్ పేరుతో ఎవరైనా చెప్పారేమో చూడండి. నాన్నగారి ఫోన్‌కు ఇది బ్యాంక్ యాప్ కంటే ముఖ్యం.

ఓఎస్‌ల ఎంపిక ఇప్పుడు తేలిక. సైనోజన్‌మాడ్ 2016 డిసెంబరులో మూతపడినప్పుడు ఆ కోడ్‌తోనే పుట్టింది లీనేజ్‌ఓఎస్. ఫోన్‌ను ఫోన్‌గానే వాడాలంటే నా మొదటి సలహా అదే. అందులో గూగుల్ సర్వీసులు ఉండవు, కావాలంటే విడిగా జీయాప్స్ ప్యాకేజీ వేసుకోవాలి. గూగుల్ వద్దనుకుంటే మైక్రోజీ అని ప్రత్యామ్నాయం ఉంది. నోటిఫికేషన్లు, లొకేషన్ లాంటి వాటికి గూగుల్ ప్లే సర్వీసులు ఉన్నట్టే యాప్‌లకు కనిపిస్తుంది. /ఈ/ఓఎస్ కూడా లీనేజ్ పునాది మీద కట్టినదే, మైక్రోజీ లోపలే వస్తుంది. మాండ్రేక్ లినక్స్ పెట్టిన గేల్ డువాల్ మొదలుపెట్టారు. లీనేజ్ వదిలేసిన పాత ఫోన్లు కొన్ని వీళ్ల జాబితాలో ఇంకా ఉంటాయి, కాబట్టి అక్కడా ఓసారి తొంగిచూడండి. గ్రాఫీన్‌ఓఎస్ భద్రత విషయంలో వీటన్నిటికంటే మెరుగు, కానీ అది గూగుల్ పిక్సెల్‌ల కోసం చేసింది, అదీ గూగుల్ అప్‌డేట్లు ఇంకా వస్తున్నవాటికే. పాత ఫోన్ బతికించే పనికి అది మందు కాదు.

ఇవేవీ లేకపోతే జీఎస్‌ఐ ఉంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ అనే మార్పు వచ్చింది. హార్డ్‌వేర్ డ్రైవర్ల భాగాన్ని, ఆండ్రాయిడ్ భాగాన్ని విడదీశారు. ఆ విభజన ఉన్న ఫోన్‌లో ఏ మోడల్‌కైనా సరిపోయేలా చేసిన ఒకే సిస్టమ్ ఇమేజ్‌ను, అదే ఈ జీఎస్‌ఐని, ఎక్కించొచ్చు. బూట్ అయితే అవుతుంది. ఆ తర్వాత వేలిముద్ర పనిచేయదు, కెమెరాలో ఒక లెన్స్ కనబడదు, వోల్టీఈ ఉండదు, ఇలా ఏదో ఒకటి తగులుతుంది. మీరు వాడుకోవడానికి సరే, ఇంకొకరికి ఇవ్వడానికి పనికిరాదు.

అసలైన లినక్స్ అన్నారు కదా. ఉబుంటు టచ్‌ను కనానికల్ 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే సంఘం అందుకుని ఇప్పటికీ నడుపుతోంది. చాలా ఫోన్లలో అది ఫోన్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ కెర్నల్, డ్రైవర్ల మీదే కూర్చుంటుంది, అందుకే కాల్స్, కెమెరా ఓ మాదిరిగా పనిచేస్తాయి. యాప్‌లు తక్కువ. వేడ్రాయిడ్ అనే పెట్టెలో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుపుకోవచ్చు గానీ 4 జీబీ ర్యామ్‌లో ఆయాసపడుతుంది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ దారి వేరు. 2017లో ఫోన్‌కు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలనే లక్ష్యంతో, చిన్నపాటి ఆల్పైన్ లినక్స్ మీద మొదలైంది. అందరూ వాడే అసలు లినక్స్ కెర్నల్‌నే ఫోన్‌లో నడపాలన్నది వాళ్ల పట్టుదల. 2018లో వచ్చిన వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 లాంటి స్నాప్‌డ్రాగన్ 845 ఫోన్లలో ఇది చక్కగా కుదిరింది. అక్కడ కూడా కెమెరా మీద ఆశలు పెట్టుకోకండి.

నిజానికి పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌ను నేను ఫోన్‌గా వాడను, చిన్న సర్వర్‌గా వాడతాను. స్క్రీన్ పగిలిన ఒక ఫోన్ రెండేళ్లుగా నా బల్ల కింద ఉంది. వైఫైతో కలిపి, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఆదేశాలిచ్చే దారి) లాగిన్ అయి, ఫైళ్ల సింక్, ఒక చిన్న వెబ్ పేజీ నడుపుతున్నాను. దానికి కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. ఒక్కటే జాగ్రత్త: రోజంతా చార్జర్‌కు అతికించి ఉంచితే బ్యాటరీ ఉబ్బొచ్చు. నేను టైమర్ ప్లగ్ పెట్టి రోజుకు కొన్ని గంటలే చార్జింగ్ ఇస్తాను. వెనక మూత కాస్త లేచినట్టు కనిపించిన రోజున మారు ఆలోచన లేకుండా ఆపేయండి.

ఇప్పుడు లీనేజ్ అనుకుని ముందుకు వెళదాం. ఆదేశాలు నేనిక్కడ రాయను, మీ కోడ్‌నేమ్ పేజీలో ఉన్నవే వాడాలి. వాటి మధ్య ఆ పేజీ గట్టిగా చెప్పనివి చెబుతాను.

బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతిలో పడిన ఫోన్‌ను అన్‌లాక్ చేసి మీ ఫొటోలు చూడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు, తప్పించుకునే దారి లేదు. ఫొటోలు అందరూ దాచుకుంటారు. మర్చిపోయేది ఆథెంటికేటర్ యాప్. రెండో దశ లాగిన్ కోడ్‌లన్నీ ఆ ఫోన్‌లోనే ఉండి, ఎగుమతి చేసుకోకుండా తుడిచేస్తే మీ సొంత మెయిల్‌లోకే మీరు వెళ్లలేరు. ముందు అవి వేరే ఫోన్‌లోకి మార్చి, ఒకసారి అక్కడి నుంచి లాగిన్ అయి చూసుకుని, అప్పుడే కదలండి. వాట్సాప్ బ్యాకప్ కూడా అంతే, తీసుకున్నాక తేదీ చూసుకోండి. గూగుల్ అకౌంట్‌ను సెట్టింగ్స్‌లోంచి తీసేయండి. లేకపోతే తర్వాత కంపెనీ ఓఎస్‌కు తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

కంపెనీ ఓఎస్‌లో ఉన్న చివరి అప్‌డేట్ వేశాకే మొదలుపెట్టండి. పేజీలో 'ఆండ్రాయిడ్ ఫలానా వెర్షన్ ఫర్మ్‌వేర్ ఉండాలి' అని ఉంటే అది సలహా కాదు, షరతు. ఇందాక చెప్పిన అడుగు భాగాలు లీనేజ్‌తో పాటు రావు కాబట్టి అవి ముందే సరైన వెర్షన్‌లో ఉండాలి. ఉల్టాగా, పాత వెర్షన్‌కు దిగాల్సి వస్తే యాంటీ రోల్‌బ్యాక్, అంటే వెనక్కి దిగనివ్వని ఏర్పాటు, ఉందేమో చూడండి. ఆ రక్షణ ఉన్న ఫోన్‌లో పాత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఫోన్ ఇక లేవదు, ఇటుకే.

మీ ఫోన్‌లో ఏ, బీ అని రెండు స్లాట్లు, అంటే ఓఎస్ ఉంచుకునే రెండు గదులు, ఉంటే ఇంకో చిక్కు. ఓఎస్ ఎప్పుడూ వాడుకలో లేని రెండో స్లాట్‌లోకి ఎక్కుతుంది. కొన్ని ఫోన్లలో ఆ స్లాట్‌లో ఫర్మ్‌వేర్ ఖాళీగానో, ఫ్యాక్టరీ నాటిదిగానో ఉంటుంది. అలా ఎక్కించి రీబూట్ చేస్తే ఫోన్ నల్లగా ఉండిపోతుంది. అందుకే కొన్ని పేజీల్లో కాపీ పార్టిషన్స్ అనే చిన్న జిప్ ఫైలు ముందు వేయమంటారు. అది దాటేసి 'నాకేం కాలేదు' అని చెప్పేవాళ్ల మాట వినకండి, వాళ్ల స్లాట్ అదృష్టవశాత్తూ బాగుంది.

నా మొదటి తప్పు ఇక్కడ చెప్పాలి. ఓఎస్‌లోకి వెళ్లకుండానే ఫోన్‌ను తుడవడానికి, కొత్త ఓఎస్ ఎక్కించడానికి వాడే మెనూను రికవరీ అంటారు. అలాంటిదే అయిన టీడబ్ల్యూఆర్‌పీ రికవరీలో 'అడ్వాన్స్‌డ్ వైప్' అని ఉంటుంది. శుభ్రంగా చేద్దామని కనిపించిన గడులన్నిటికీ టిక్ పెట్టాను. ఓఎస్ బ్రహ్మాండంగా వచ్చింది, సిమ్ మాత్రం రాలేదు. ఐఎమ్ఈఐ దగ్గర సున్నా. ఫోన్ గుర్తింపు, రేడియో సర్దుబాట్లు ఉండే ఈఎఫ్ఎస్ భాగం కూడా ఆ టిక్కులతో పోయింది. ప్రతి ఫోన్‌కూ అది ప్రత్యేకం, ఇంకో ఫోన్ నుంచి తెచ్చిపెట్టలేం. ఆ ఫోన్ తర్వాత వైఫై మీద పాటలు వినడానికే మిగిలింది. మీ రికవరీలో ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ అనే భాగాల బ్యాకప్ తీసే వీలుంటే తీసి కంప్యూటర్‌లో పెట్టుకోండి. తుడవమని పేజీ చెప్పినవి తప్ప ఇంకేవీ తుడవకండి. ఇంకోటి, వీడియోలన్నీ టీడబ్ల్యూఆర్‌పీనే చూపిస్తాయి గానీ లీనేజ్ వికీ ఇప్పుడు చాలా ఫోన్లకు తన సొంత రికవరీనే వాడమంటుంది. అదే వాడండి.

కేబుల్ సంగతి నవ్వొచ్చేంత చిన్నది, కానీ సగం పంచాయితీలు దాంతోనే. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కు మాత్రమే, డేటా పోదు. ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి బూట్‌లోడర్‌కు ఆదేశాలిచ్చే స్థితి) ఫోన్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్టు మార్చండి. యూఎస్‌బీ 3 పోర్టులో మొరాయించి, యూఎస్‌బీ 2 పోర్టులోనో మధ్యలో మామూలు హబ్ పెడితేనో పనిచేసిన ఫోన్లు నాకు కనీసం నాలుగు తగిలాయి. ఆ తర్వాతే డ్రైవర్ల మీద అనుమానపడండి. దించుకున్న ఫైలు చెక్‌సమ్ (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్య) కూడా సరిచూసుకోండి, అర నిమిషం పని.

అసలు ఎక్కించే ఘట్టం ఇలా ఉంటుంది. రికవరీలో 'అప్లై అప్‌డేట్' నొక్కి, కంప్యూటర్ నుంచి ఏడీబీ సైడ్‌లోడ్ అనే ఆదేశంతో ఓఎస్ ఫైలు పంపిస్తారు. కంప్యూటర్ తెర మీద శాతం పెరుగుతూ వస్తుంది. 44, 45, 46, 47. అక్కడ ఆగిపోతుంది. ఒక నిమిషం చూస్తారు, కదలదు. కొన్నిసార్లు ఆ కింద 'కమాండ్ చదవడం విఫలమైంది: విజయం' అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఒక వింత వాక్యం వస్తుంది. విఫలమైందా, విజయమా? మొదటిసారి నాకు చెమటలు పట్టాయి, చెయ్యి కేబుల్ మీదకు వెళ్లింది. లాగలేదు కాబట్టి బతికిపోయాను. 47 దగ్గర ఆగడం మామూలే. కంప్యూటర్ వైపు అంకె అక్కడ నిలిచిపోయినా పని పూర్తయి ఉండొచ్చు. మీరు చూడాల్సింది ఫోన్ తెర. అక్కడ రికవరీ మెనూ మళ్లీ వచ్చి, ఎర్రర్ ఏమీ చూపకపోతే అయిపోయినట్టే.

జీయాప్స్ కావాలంటే ఇప్పుడే వేయాలి, ఓఎస్‌లోకి మొదటిసారి బూట్ అవ్వకముందే. ఒకసారి బూట్ అయ్యాక వేస్తే సర్వీసులు వరుసగా క్రాష్ అవుతాయి, మళ్లీ డేటా తుడవాల్సిందే. ప్యాకేజీ ఆండ్రాయిడ్ వెర్షన్, ప్రాసెసర్ రకం రెండూ సరిపోవాలి. వేసేటప్పుడు 'సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్' అని అడుగుతుంది. జీయాప్స్ మీద లీనేజ్ సంతకం ఉండదు కాబట్టి అలా అంటుంది, అవునని నొక్కండి. అదే హెచ్చరిక లీనేజ్ అధికారిక ఫైలుకు, దాని సొంత రికవరీలో వస్తే మాత్రం ఆగండి, ఫైలులో ఏదో తేడా ఉంది. మొదటి బూట్ పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఆ తర్వాత ప్లే స్టోర్ 'ఈ డివైస్ సర్టిఫైడ్ కాదు' అంటే గూగుల్‌కే దానికో నమోదు పేజీ ఉంది, అందులో ఐడీ ఇచ్చి కాసేపు ఆగితే సరిపోతుంది.

రెండో తప్పు. అంతా సజావుగా అయ్యాక, భద్రత కోసం బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేద్దామనిపించింది. ఆన్ చేసినప్పుడల్లా వచ్చే ఆ హెచ్చరిక తెర కూడా కంటికి ఇంపుగా ఉండదు కదా. లాక్ చేశాను. ఫోన్ లేచి, లోపలున్న ఓఎస్ మీద కంపెనీ సంతకం లేదని చూసి, బూట్ అవ్వనంది. సరే మళ్లీ అన్‌లాక్ చేద్దామంటే, దానికి కావాల్సిన మీట ఓఎస్ లోపల ఉంది, ఓఎస్‌లోకి వెళ్లే దారి లేదు. తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. లీనేజ్ వేసిన ఫోన్‌లో బూట్‌లోడర్ తెరిచే ఉంచండి. దానికి తగ్గట్టు, ఫోన్ వేరేవాళ్ల చేతికి గంటల తరబడి ఇవ్వకండి.

వేగం గురించి అడిగారు కదా, నిరాశపడకండి గానీ ప్రతిసారీ పెరగదు. కంపెనీ కూరిన యాప్‌లు, ప్రకటనలు పోతాయి కాబట్టి మొదటి వారం రెక్కలొచ్చినట్టు ఉంటుంది. కానీ కొత్త ఆండ్రాయిడ్‌కు ఆకలి ఎక్కువ. 4 జీబీలో సరిపెట్టుకుంటుంది, 2 జీబీ అయితే వద్దనే చెప్పేవాణ్ని. పాత ఈఎమ్ఎమ్‌సీ స్టోరేజ్ ఏళ్ల తరబడి రాతలతో నెమ్మదించి ఉంటే ఏ ఓఎస్ కూడా దాన్ని బాగుచేయలేదు. స్టోరేజ్‌లో కనీసం ఐదో వంతు ఖాళీగా ఉంచండి. బ్యాటరీ మాత్రం మార్పించండి. ఐదారు వందల సార్లు నిండి ఖాళీ అయిన లిథియం బ్యాటరీ తన సామర్థ్యంలో ఇరవై శాతం దాకా కోల్పోయి ఉంటుంది. ఆరేళ్ల ఫోన్‌కు ఓఎస్ మార్చడం కంటే బ్యాటరీ మార్చడమే ఎక్కువ మేలు చేసిన సందర్భాలు నేను చూశాను.

అప్‌డేట్లు ఫోన్‌లోనే వస్తాయి, ఒకే వెర్షన్ లోపల అయితే జీయాప్స్ దాని మానాన అది ఉంటుంది. లీనేజ్ 21 నుంచి 22కి, అంటే ఆండ్రాయిడ్ 14 నుంచి 15కి వెళ్లాలంటే మాత్రం మళ్లీ కంప్యూటర్, కేబుల్, కొత్త జీయాప్స్. అంటే నాన్నగారి ఫోన్‌కు ఏడాదికోసారి మీరే మెకానిక్. ఇది ముందే ఒప్పుకుని దిగండి.

కాబట్టి మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. నాన్నగారికి ఆ ఫోన్‌లోనే బ్యాంక్ యాప్ తప్పనిసరి అయితే ఓఎస్ మార్చను, ఇంకో ఫోన్ చూస్తాను. కాల్స్, వాట్సాప్, యూట్యూబ్ చాలనుకుంటే, కోడ్‌నేమ్ అధికారిక జాబితాలో ఉండి వోల్టీఈ పనిచేస్తుందని తేలితే, కొత్త బ్యాటరీ వేయించి, లీనేజ్, జీయాప్స్ ఎక్కిస్తాను. లినక్స్ ముచ్చట కోసం ఇంకో పాత ఫోన్ దొరకకపోదు.

వెంటనే చేతికివ్వకుండా ఒక వారం మీ సిమ్ వేసి మీరే వాడండి. బయటికి కాల్, లోపలికి కాల్, కాల్ మధ్యలో స్పీకర్, బ్లూటూత్, చీకట్లో కెమెరా, రాత్రంతా పక్కన పెడితే పొద్దుటికి ఎంత చార్జ్ దిగింది, ఇవన్నీ చూడండి. వోల్టీఈ రెండు రోజులు బాగుండి మూడో రోజు రీస్టార్ట్ తర్వాత పోయిన ఫోన్లు నాకు తెలుసు. ఆ వారం గడిచేదాకా కంపెనీ ఓఎస్ ఫైలును, ఈఎఫ్ఎస్ బ్యాకప్‌ను కంప్యూటర్‌లోంచి తీసేయకండి. బ్యాకప్‌నైతే ఫోన్ ఉన్నంతకాలం ఉంచండి.